ప్రొఫెషనల్ ఆర్కెస్ట్రాతో మొదటి కాన్చెర్టో: అమెచ్యూర్ సోలోయిస్టుకి సమగ్ర మార్గదర్శి

పగలంతా వేరే ఉద్యోగం, రాత్రి ఇల్లు సద్దుమణిగాక పియానో. ఏళ్ళ తరబడి ఇలా వాయించుకుంటున్నవాళ్ళలో చాలామందికి బయటికి చెప్పడానికి మొహమాటపడే కోరిక ఒకటి ఉంటుంది. ఒక్కసారైనా నిజమైన ఆర్కెస్ట్రా మధ్యలో కూర్చుని కాన్చెర్టో (సోలో వాయిద్యానికీ ఆర్కెస్ట్రాకీ కలిపి రాసిన కృతి) వాయించాలని. నాకూ ఉండేది. రెండుసార్లు తీరింది, రెండుసార్లూ మోజార్ట్ ఎ మేజర్ కాన్చెర్టోనే, కె.488 (కె. అంటే మోజార్ట్ కృతుల పట్టికలో నంబరు). మొదటిసారి గట్టెక్కాను అంతే. రెండోసారి నిజంగా వాయించాను. ఆ రెండింటి మధ్య నా వేళ్ళేమీ బాగుపడలేదు. కాకపోతే రెండోసారికి ఆర్కెస్ట్రా వాయించేదంతా కూడా నాకు నోటికి వచ్చేసింది.

ఈ మార్గదర్శిలో నేను చెప్పదలచుకున్న అసలు సంగతి కూడా అదే. కాన్చెర్టో చెడేది కష్టమైన పరుగుల దగ్గరని అనుకుంటాం, నెలల తరబడి వాటినే రుద్దుతాం. కానీ అది ఊడిపోయేది అతుకుల దగ్గర. ఆర్కెస్ట్రా ఆపి మీరు అందుకునే చోట, మీరు ముగించి వాళ్ళకి అప్పగించే చోట, కడెన్జా (ఆర్కెస్ట్రా ఆగి సోలోయిస్టు ఒంటరిగా వాయించే భాగం) అయ్యాక అందరూ కలిసి దిగే చోట. వయొలిన్ వాళ్ళకైనా, చెల్లో వాళ్ళకైనా, ఫ్లూట్ వాళ్ళకైనా ఇదే వర్తిస్తుంది.

1. ముందు మీకు మీరే ఒక పరీక్ష పెట్టుకోండి

ఫోన్‌లో రికార్డింగ్ పెట్టి, అనుకున్న మూవ్‌మెంట్‌ని (కాన్చెర్టోలో ఒక భాగాన్ని) అసలు వేగంలో, మొదటి నుంచి చివరిదాకా ఆగకుండా వాయించండి. తప్పు పడితే పడనివ్వండి, వెనక్కి మాత్రం వెళ్ళకూడదు. ఇలా మూడు వేర్వేరు రోజులు చేయండి, అదీ ఆ రోజు మీరు మొట్టమొదట వాయించేది ఇదే అయ్యేలా. చేతులు వేడెక్కాక, నాలుగోసారికి బాగా వచ్చినదాన్ని లెక్కలోకి తీసుకోకండి. ఎందుకంటే వేదిక మీద నాలుగో ప్రయత్నం అనేది ఉండదు.

ఒంటరిగా సాధన చేసేవాళ్ళందరికీ ఒక అలవాటు ఉంటుంది, తప్పు పడగానే చెయ్యి దానంతటదే వెనక్కి వెళ్ళి సరిదిద్దుకుంటుంది. ఇంట్లో దానివల్ల నష్టమేమీ లేదు, ఆర్కెస్ట్రాతో మాత్రం అది పెద్ద ప్రమాదం. నలభైమంది ముందుకు వెళ్ళిపోతుంటారు, మీరొక్కరే అర బార్ (బార్ అంటే మన ఆవర్తం లాంటిది) వెనక ఉంటారు. ఈ అలవాటు పోయేదాకా ఎక్కడా దరఖాస్తు పెట్టకండి, ఎవరికీ అడ్వాన్సు ఇవ్వకండి. ఉద్యోగం చేసుకుంటూ వాయించేవాళ్ళు కృతి ఎంచుకున్న రోజు నుంచి వేదిక దాకా ఒక ఏడాది పెట్టుకోవడం మంచిదని నా అభిప్రాయం. ఆరు నెలల్లో చేసినవాళ్ళూ ఉన్నారు గానీ, ఆ ఆరు నెలలూ ఇంట్లోవాళ్ళు పడే టెన్షన్ కూడా లెక్కలో వేసుకోవాలి.

2. ఆర్కెస్ట్రా దొరికే దారులు

మొదటిది పోటీలు. పియానో అమెచ్యూర్లకి పారిస్‌లో 1989 నుంచి అంతర్జాతీయ పోటీ ఉంది. అమెరికాలోని ఫోర్ట్ వర్త్‌లో పియానిస్ట్ వాన్ క్లైబర్న్ పేరు మీద నడిచే సంస్థ 1999లో అమెచ్యూర్ల పోటీ మొదలుపెట్టింది, అందులో పాల్గొనాలంటే వయసు కనీసం 35 ఉండాలి. ఇటీవలి పోటీల్లో ఫైనల్‌కి చేరినవాళ్ళు ఫోర్ట్ వర్త్ సింఫనీతో కాన్చెర్టో మూవ్‌మెంట్ వాయించారు కూడా. కానీ అక్కడిదాకా వెళ్ళాలంటే ముందు సోలో రౌండ్లు దాటాలి, ఆ స్థాయి చాలా పెద్దది. పోటీలో గెలిచి ఆర్కెస్ట్రాతో వాయిద్దామని మాత్రమే కూర్చుంటే ఆ రోజు రాకపోవచ్చు.

రెండోది వేసవి కోర్సులు, ఫెస్టివల్స్. వారం పది రోజులు పాఠాలు ఉంటాయి, చివర్లో ఆర్కెస్ట్రాతో ఒక మూవ్‌మెంట్ వాయించే అవకాశం ఇస్తారు. మొదటిసారి వాళ్ళకి నేను గట్టిగా చెప్పేది ఇదే, ఎందుకంటే అక్కడి కండక్టర్‌కి అమెచ్యూర్లు కొత్త కాదు, ఎక్కడ తడబడతారో ఆయనకి ముందే తెలుసు. కొన్ని ఆర్కెస్ట్రాలు అమెచ్యూర్లని తమ వరుసల్లోనే కూర్చోబెట్టుకుంటాయి, బాల్టిమోర్ సింఫనీ 2010లో అలాంటి కార్యక్రమం పెట్టింది. అది సోలో అనుభవం కాకపోయినా వయొలిన్, చెల్లో, క్లారినెట్ వాయించేవాళ్ళు ముందు అలా ఒకసారి లోపల కూర్చుని వస్తే ఎంతో నేర్చుకుంటారు.

మూడోది నేరుగా ఆర్కెస్ట్రాని కుదుర్చుకోవడం. డబ్బిచ్చి వాయించుకోవడం చిన్నతనమని కొందరంటారు. నాకలా అనిపించదు. వాయిద్యకారులకి అది వాళ్ళ వృత్తి, మీరు వాళ్ళ శ్రమకి తగిన ప్రతిఫలం ఇస్తున్నారు, బాగా సిద్ధపడి వెళ్తే గౌరవం కూడా ఇచ్చినట్టే. కాకపోతే ఒప్పందం విషయంలో మొహమాటం వద్దు, ప్రతిదీ కాగితం మీద ఉండాలి. స్ట్రింగ్స్ (వయొలిన్, చెల్లో లాంటి తీగ వాయిద్యాలు) ఎంతమంది, రిహార్సల్‌కి వచ్చినవాళ్ళే కచేరీకీ వస్తారా లేక మధ్యలో మనుషులు మారతారా, కండక్టర్ ఎవరు, పార్టులు (ఒక్కో వాయిద్యానికి విడిగా రాసిన కాగితాలు) ఎవరు తెస్తారు, రిహార్సల్ తర్వాత పియానోని మళ్ళీ ట్యూన్ చేస్తారా, రికార్డింగ్ మీరు వాడుకోవచ్చా, సమయం మించితే ఏమవుతుంది. అన్నిటికంటే ముఖ్యంగా, మీ కాన్చెర్టోకి మాత్రమే రిహార్సల్ ఎన్ని నిమిషాలు.

నా మొదటి ఒప్పందంలో రిహార్సల్ అని ఉంది, ఎన్ని నిమిషాలో లేదు. గంట ఉంటుందనుకుని వెళ్ళాను, దక్కింది ముప్పై నిమిషాలు. కె.488 మొత్తం వాయించడానికే ఇరవై ఐదు నిమిషాల పైన పడుతుంది. ఒకసారి వాయించేసరికి అయిపోయింది, ఒక్క అతుకు కూడా సరిచేసుకోలేదు. ప్రొఫెషనల్ ఆర్కెస్ట్రాల్లో సమయం అంటే సమయమే. రిహార్సల్ రెండున్నర మూడు గంటలు, మధ్యలో విరామం, అది కూడా గడియారం చూసి. మీ కోసం ఐదు నిమిషాలు ఆగమని అడిగే హక్కు మీకు ఉండదు.

3. ఏ కాన్చెర్టో? మీ స్థాయికి ఒక మెట్టు కిందిది

కలలో ఉన్నది రఖ్మానినోవ్ రెండో కాన్చెర్టో కావచ్చు. నేను ఒప్పుకుంటాను, అది ఎవరికైనా కలే. కానీ దాని మొదటి పేజీలే చూడండి. పియానో ఒంటరిగా కార్డ్స్ (ఒకేసారి మోగే స్వరాల గుత్తులు) మోగించి, ఆపైన ఆర్కెస్ట్రా పెద్ద రాగం ఎత్తుకోగానే తను వాళ్ళకి తోడు వాయించే స్థానంలోకి వెళ్ళిపోతుంది. నిండు స్ట్రింగ్స్ కింద మీ శబ్దం మునిగిపోతుంది, వినపడాలని గట్టిగా కొడతారు, భుజాలు బిగుసుకుంటాయి. షూమన్ ఎ మైనర్ వినడానికి ఆత్మీయంగా ఉంటుంది గానీ, చివరి మూవ్‌మెంట్‌లో మూడు లెక్క కొడుతుంటే సంగీతం రెండు లెక్కలో నడిచినట్టు వినిపించే చోటు ఒకటి ఉంది. అక్కడ అనుభవమున్న ఆర్కెస్ట్రాలే ఒళ్ళు దగ్గర పెట్టుకుని వాయిస్తాయి. షోపాన్‌లో ఆర్కెస్ట్రా పని తక్కువ, అందుకే సులువని చాలామంది అనుకుంటారు. నాకైతే అది మొదటిసారికి వద్దనే అనిపిస్తుంది, ఎందుకంటే మీరు సాగదీసిన ప్రతి చోటా, పొడుగు స్వరాలు పట్టుకుని కూర్చున్న ఆర్కెస్ట్రా వాళ్ళు మీ మనసు చదవాలి.

మొదటిసారికి నా ఎంపికలు ఇవి. పియానోకి హైడన్ డి మేజర్, మోజార్ట్ కె.414, కొంచెం ధైర్యముంటే కె.488. హైడన్‌కి స్ట్రింగ్స్ కాక రెండు ఓబోలు, రెండు హార్న్‌లు చాలు. వయొలిన్‌కి బాఖ్ ఎ మైనర్, స్ట్రింగ్స్‌తోనే అయిపోతుంది. చెల్లోకి హైడన్ సి మేజర్. అది 1961లో ప్రాగ్‌లో బయటపడేదాకా పోయిందనే అనుకున్నారు, ఇప్పుడు అది లేకుండా చెల్లో చదువే లేదు. మెండెల్సన్ ఇ మైనర్ వయొలిన్ కాన్చెర్టో వాయించగలిగినవాళ్ళు ఒక్క సంగతి గుర్తుంచుకోండి, అందులో ఆర్కెస్ట్రా మీకు ఊపిరి పీల్చుకునే సమయమే ఇవ్వదు. రెండో బార్‌లోనే మీరు మొదలుపెట్టాలి, మొదటి మూవ్‌మెంట్ ముగిసిన స్వరాల గుత్తిలోంచి బసూన్ ఒక్క స్వరం పట్టుకుని ఉంటుంది, దాని మీంచే రెండోదానిలోకి జారిపోతారు.

కె.414కి ఇంకో గొప్ప సౌలభ్యం ఉంది. ఆ వరుసలోని మూడు కాన్చెర్టోలని (కె.413, 414, 415) ఆర్కెస్ట్రాతోనూ వాయించవచ్చు, వట్టి నాలుగు స్ట్రింగ్స్‌తోనూ వాయించవచ్చని మోజార్టే 1783లో ప్రకటించాడు. అంటే వాయించే స్నేహితులు నలుగురు దొరికితే, ఆర్కెస్ట్రాకి వెళ్ళేముందే అతుకులన్నీ ఇంట్లో సరిచూసుకోవచ్చు.

ఒంటరిగా భయమైతే ఇద్దరు ముగ్గురు సోలోయిస్టుల కాన్చెర్టోలు ఉన్నాయి. మోజార్ట్ మూడు పియానోల కాన్చెర్టో, కె.242, 1776లో ఒక కౌంటెస్‌కీ ఆమె ఇద్దరు కూతుళ్ళకీ రాసింది. చిన్నమ్మాయి కోసం మూడో పియానో వాయించేది సులువుగా పెట్టాడు. జర్మన్ ఛాన్సలర్ హెల్ముట్ ష్మిట్ పదవిలో ఉండగానే ఈ కాన్చెర్టోని ఇద్దరు ప్రొఫెషనల్ పియానిస్టులతో కలిసి లండన్ ఫిల్హార్మోనిక్‌తో రికార్డు చేశాడు. అలాగే మొత్తం కాన్చెర్టో వాయించి తీరాలని కూడా లేదు. అమెరికా మాజీ విదేశాంగ మంత్రి కండొలీజా రైస్ 2010లో ఫిలడెల్ఫియా ఆర్కెస్ట్రాతో వాయించింది మోజార్ట్ డి మైనర్ కాన్చెర్టోలోని నెమ్మది మూవ్‌మెంట్ ఒక్కటే. ఒక్క మూవ్‌మెంట్ బాగా వాయిస్తే రిహార్సల్ సమయమంతా దానికే దొరుకుతుంది. మొదటిసారి నేను చేయాల్సిన పని అదే, చేయలేదు.

4. స్కోరు, పార్టులు, బార్ నంబర్లు

ఈ పని విసుగు పుట్టిస్తుంది కానీ తప్పదు. మీ దగ్గరున్న ఎడిషన్, కండక్టర్ స్కోరు, ఆర్కెస్ట్రా పార్టులు మూడింటిలోనూ బార్ నంబర్లు, రిహార్సల్ అక్షరాలు (చోటు చెప్పుకోవడానికి పెట్టే ఎ, బి, సి గుర్తులు) ఒకటే ఉండాలి. నా పాత పుస్తకంలో బార్ నంబర్లే లేవు. మొదటి రిహార్సల్‌లో కండక్టర్ "198 నుంచి" అనగానే ఆర్కెస్ట్రా అంతా విల్లులెత్తి సిద్ధంగా ఉంది, నేను మాత్రం వేలితో బార్లు లెక్కపెడుతూ కూర్చున్నాను. ఆ పదిహేను సెకన్ల నిశ్శబ్దం ఇప్పటికీ గుర్తే. ఇంటికి వచ్చాక ప్రతి లైను మొదట్లో పెన్సిల్‌తో నంబర్లు వేశాను, గంట కూడా పట్టలేదు.

మోజార్ట్, హైడన్, బాఖ్ లాంటివాటికి కాపీరైట్ ఎప్పుడో తీరిపోయింది, కానీ కొత్తగా పరిష్కరించిన ఎడిషన్‌కి హక్కులుండవచ్చు, అడిగి తెలుసుకోండి. ఆధునిక కృతులైతే పార్టులు ప్రచురణకర్త దగ్గర అద్దెకి తీసుకోవాలి. ఉదాహరణకి షోస్టకోవిచ్ రెండో పియానో కాన్చెర్టో, 1957లో కొడుకు మాక్సిమ్ కోసం రాసింది, అమెచ్యూర్ చేతులకి బాగా అందుతుంది. కానీ ఆయన పోయింది 1975లో, చాలా దేశాల్లో హక్కులు రచయిత తర్వాత 70 ఏళ్ళు ఉంటాయి. అద్దె, అనుమతి, పోస్టు, అన్నిటికీ నెలల ముందే చూసుకోవాలి.

కడెన్జా ఏది వాయిస్తున్నారో కండక్టర్‌కి కాపీ పంపండి. కె.488కి మోజార్ట్ రాసిన కడెన్జా ఉంది కాబట్టి గొడవ లేదు. డి మైనర్ కె.466కి ఆయనది లేదు, చాలామంది బేతోవెన్ రాసింది వాయిస్తారు, అయినా మీది అదేనని ఎవరూ ఊహించుకోకూడదు.

5. సాధన: ఆర్కెస్ట్రా పార్టు కూడా మీ పార్టే

ఇక్కడ కొంచెం ఆగి చెప్తాను, ఎందుకంటే తేడా అంతా ఇక్కడే.

కె.488 మొదటి మూవ్‌మెంట్‌లో ఆర్కెస్ట్రా 66 బార్లు వాయిస్తుంది, పియానో 67లో అందుకుంటుంది. మొదటిసారి రిహార్సల్‌లో ఆ 66 బార్లూ వింటూ నేను మైమరచిపోయాను. క్లారినెట్‌ని అంత దగ్గరగా ఎన్నడూ వినలేదు, వాయించేవాళ్ళు ఊపిరి తీసుకోవడం కూడా వినిపిస్తోంది. ఏళ్ళుగా హెడ్‌ఫోన్స్‌లో విన్నది కళ్ళ ముందు నడుస్తోంది. 67వ బార్ వచ్చింది, నా చేతులు ఒళ్ళోనే ఉన్నాయి. కండక్టర్ తల తిప్పి చూశాడు, కోపంగా కాదు, "ఏమైంది" అన్నట్టు. మళ్ళీ మొదలుపెట్టారు, రెండు నిమిషాలు పోయాయి.

దానికి మందు ఏమిటంటే, ఆ టుట్టీని (ఆర్కెస్ట్రా అంతా కలిసి వాయించే భాగాన్ని) పాడగలిగేంత నేర్చుకోవడం. బార్లు లెక్కపెట్టుకోవడాన్ని నమ్మకండి, టెన్షన్‌లో లెక్క తప్పుతుంది. ఎవరు ఏం వాయించాక మీ వంతు వస్తుందో తెలియాలి. ప్రతి ఎంట్రీకి నాలుగు బార్ల ముందు వినిపించే వాయిద్యాన్నీ, దాని స్వరాలనీ మీ పార్టులో రంగు పెన్సిల్‌తో రాసుకోండి. పియానో వాళ్ళయితే ఆర్కెస్ట్రా రిడక్షన్‌ని (ఆర్కెస్ట్రా భాగాన్ని పియానోకి కుదించి రాసినదాన్ని) మీరే వాయించి చూడండి, అందంగా రానక్కర్లేదు. మిగతావాళ్ళు బాస్ లైన్ పాడుతూ తమ భాగం మనసులో వినండి. బాస్ తెలిసినవాళ్ళు తప్పిపోయినా తొందరగా దారి పట్టుకుంటారు.

రోజూ సాధన ఎంట్రీ నుంచి మొదలుపెట్టే అలవాటు మానండి. ఎంట్రీకి నాలుగు బార్ల ముందు నుంచి, ఆర్కెస్ట్రాని పాడుతూ మొదలుపెట్టండి. అలాగే మీ పాసేజీ అయిపోయిన చోట ఆపకండి, ఆర్కెస్ట్రా అందుకున్నాక రెండు బార్లు పాడి ఆపండి. నా సాధన పద్ధతిలో నేను మార్చుకున్నది ఇంతే, ఫలితం మాత్రం మిగతా అన్నిటికంటే ఎక్కువ.

తర్వాత రికార్డింగులతో కలిసి వాయించండి, వేర్వేరు సోలోయిస్టులవి మూడు నాలుగు. సోలో లేకుండా ఆర్కెస్ట్రా ఒక్కటే ఉన్న ట్రాకులు కూడా దొరుకుతాయి, మ్యూజిక్ మైనస్ వన్ అనే సంస్థ 1950 నుంచి ఇదే పని చేస్తోంది. వీటితో ఒక లాభం, ఒక నష్టం. అవి మీ కోసం ఆగవు కాబట్టి వెనక్కి వెళ్ళే జబ్బు కుదురుతుంది. అవి మీ మాట వినవు కాబట్టి వీటితోనే ఉండిపోతే మీకు వెంబడించడం మాత్రమే అలవాటవుతుంది, నడిపించడం రాదు. అందుకే చివరి రెండు నెలలు రెండో పియానో మీద రిడక్షన్ వాయించే మనిషి కావాలి. వాళ్ళతో ముందే చెప్పండి, ఒక్కోసారి కావాలని కొంచెం నెమ్మదించమని, ఒక్కోసారి తొందరపడమని, ఒక్కోసారి ఒక ఎంట్రీ ఎగ్గొట్టమని. నా స్నేహితురాలు ఒకసారి చెప్పాపెట్టకుండా ఎనిమిది బార్లు వాయించడం మానేసింది, నేను కొనసాగించి ఆమెని కలుపుకున్నాను. ఆ రోజు మొదటిసారి, ఇక పర్వాలేదనిపించింది.

కంఠతా వాయించాలా, స్కోరు పెట్టుకోవాలా? పెట్టుకోండి. స్కోరు చూసి ధైర్యంగా వాయించేది, చూడకుండా భయంభయంగా వాయించేదానికంటే వెయ్యి రెట్లు నయం. పేజీ తిప్పే మనిషితో ముందే రెండుసార్లు వాయించి చూసుకోండి.

6. అతుకులు, ఒక్కొక్కటీ

టెంపో ఎవరిది అనేది ముందు తేల్చుకోండి. కె.488 మొదటి మూవ్‌మెంట్ ఆర్కెస్ట్రా మొదలుపెడుతుంది, రెండోదీ మూడోదీ పియానో ఒంటరిగా మొదలుపెడుతుంది. అంటే ఆ రెండింటి వేగం మీ మొదటి బార్‌లోనే ఖరారైపోతుంది, ఉత్సాహంలో మూడోది పరుగెత్తిస్తే తర్వాత ఆ వేగాన్ని మీరే కాదు, వుడ్‌విండ్స్ (ఫ్లూట్, క్లారినెట్, బసూన్) వాళ్ళు కూడా మోయాలి. మొదలుపెట్టే ముందు, ఆ మూవ్‌మెంట్‌లో మీకు అన్నిటికంటే కష్టమైన చోటుని మనసులో ఒక్క లైను పాడుకోండి. ఆ వేగమే మీ వేగం.

కడెన్జా చివరి ట్రిల్ (రెండు పక్కపక్క స్వరాలని వేగంగా మార్చి మార్చి వాయించడం) మన ముక్తాయింపు లాంటిది, ఇక అందరూ కలవబోతున్నామని చెప్పే చోటు. ఎంతసేపు ట్రిల్ చేస్తారో, చివరి రెండు స్వరాలు ఎంత నెమ్మదిగా వేస్తారో ఒకటే నిర్ణయించుకుని ప్రతిసారీ అలాగే చేయండి. రోజుకో రకంగా చేస్తే కండక్టర్ చెయ్యి ఎత్తి గాల్లో ఉంచి మీ కోసం ఎదురుచూడాల్సి వస్తుంది. మెండెల్సన్‌లో ఇంకా సున్నితం, అక్కడ కడెన్జా మూవ్‌మెంట్ మధ్యలోనే ఉంది, సోలో వయొలిన్ తీగలు మీటుతున్నట్టు విల్లుని గెంతిస్తూ ఉండగానే ఆర్కెస్ట్రా అసలు రాగంతో లోపలికి వస్తుంది. ఆ గెంతుల్లో లయ తడబడితే వాళ్ళు దిగడానికి చోటు ఉండదు.

ఇక శబ్దం సంగతి. గాలిలో శబ్దం సెకనుకి సుమారు 340 మీటర్లు వెళ్తుంది. మీకు పది మీటర్ల దూరంలో ఉన్న హార్న్ శబ్దం మిమ్మల్ని చేరడానికి దాదాపు 0.03 సెకను. నిమిషానికి 120 బీట్ల వేగంలో ఒక సిక్స్‌టీన్త్ నోట్ (బీట్‌లో నాలుగో వంతు) వ్యవధి 0.125 సెకను, అంటే అందులో నాలుగో వంతు ఆలస్యం. వినిపించాక వాయిద్దామనుకుంటే ఎప్పుడూ వెనకే ఉంటారు. పైగా చాలా ఆర్కెస్ట్రాలు కండక్టర్ కర్ర కిందికి దిగిన క్షణంలో వాయించవు, కొంచెం తర్వాత వాయిస్తాయి. కర్రతో పాటే వాయించిన సోలోయిస్టు అందరికంటే ముందు దిగుతాడు. నాకు పనికొచ్చిన చిట్కా ఏమిటంటే, కలిసి దిగాల్సిన చోట్ల కర్రకంటే మొదటి వయొలిన్ నాయకుడి విల్లు చూడటం. విల్లు తీగ మీదికి దిగే క్షణం అబద్ధం చెప్పదు. పియానో దగ్గర కూర్చుంటే కండక్టర్ మీకు ఎడమవైపు ఉంటాడు, తల అటు తిప్పి మళ్ళీ కీబోర్డు మీదికి రావడం కూడా ఇంట్లోనే సాధన చేయండి, అవును, గోడకి కాగితం అంటించుకుని మరీ.

7. కండక్టర్‌తో అరగంట

ఆర్కెస్ట్రా రిహార్సల్‌కి ముందు కండక్టర్‌ని విడిగా కలవడం కుదిరితే వదలకండి. మాటల్లో చెప్పకండి, పాడి చూపించండి, వాయించి చూపించండి. "ఇక్కడ కొంచెం భావంగా" అంటే ఆయనకి ఏమీ తెలియదు, "ఈ బార్ రెండో బీట్ దగ్గర ఆగి ఊపిరి తీసుకుంటాను" అంటే వెంటనే స్కోరులో రాసుకుంటాడు. మీరు సమయం తీసుకునే చోట్లు ఐదారు మించకుండా చూసుకోండి. మీకు భయమున్న చోటు కూడా దాచకుండా చెప్పండి. నేను రెండోసారి చెప్పాను, ఆయన ఆ ఎంట్రీకి ఒక బార్ ముందు నావైపు చూస్తానన్నాడు, చూశాడు. ఆ ఒక్క చూపుతో ఎంత బరువు దిగిందో!

8. రిహార్సల్

ముప్పావుగంట ముందు వెళ్ళండి. బెంచీ ఎత్తు, పెడల్, వెలుతురు, చెల్లో వాళ్ళకి పిన్ను గుచ్చే చోటు, అన్నీ చూసుకోండి. శ్రుతి సంగతి ముందే కనుక్కోండి. ప్రామాణికం ఎ (ఆర్కెస్ట్రా శ్రుతి చేసుకునే స్వరం) 440 హెర్ట్జ్ అయినా 442, 443లో ఉండే ఆర్కెస్ట్రాలు చాలా ఉన్నాయి, మీ వయొలిన్‌ని వారం ముందే ఆ శ్రుతికి అలవాటు చేయాలి. మామూలుగా ఓబో ఎ ఇస్తుంది, పియానో కాన్చెర్టో అయితే పియానో నుంచి తీసుకుంటారు.

మొదటిసారి ఆగకుండా మొత్తం వాయించండి. తప్పిపోతే ముందుకి గెంతి ఎక్కడో ఒకచోట కలవండి, క్షమాపణలు చెప్పుకుంటూ ఆపకండి. రెండోసారి అతుకులు మాత్రమే. ఏ చోట్లు అడగాలో చీటీ మీద బార్ నంబర్లతో రాసుకుని వెళ్ళండి, ముఖ్యమైనది పైన. ఏదైనా మార్పు కావాలంటే కండక్టర్‌తో చెప్పండి, వాయిద్యకారులతో నేరుగా అనడం మర్యాద కాదు. బాగా వాయించిన ఓబోని మాత్రం విరామంలో నేరుగా మెచ్చుకోవచ్చు, మెచ్చుకోవాలి కూడా.

ఆర్కెస్ట్రా మధ్యలో కూర్చుంటే మీ శబ్దం మీకే తక్కువగా వినిపిస్తుంది. దానికోసం గట్టిగా వాయించకండి. హాలు మధ్యలో ఒక స్నేహితుణ్ణి కూర్చోబెట్టి ఆయన చెవిని నమ్మండి. ఇంకో మాట, వాళ్ళు మిమ్మల్ని జడ్జ్ చేస్తున్నారనే భయం దాదాపు అందరికీ ఉంటుంది. నేను చూసినంతలో, సిద్ధపడి వచ్చిన అమెచ్యూర్ అంటే వాళ్ళకి ప్రత్యేకమైన అభిమానం. పగలు వేరే పని చేసుకుంటూ కూడా ఇంత ప్రేమగా దీన్ని పట్టుకున్నాడని వాళ్ళకి తెలుస్తుంది.

9. తప్పిపోతే

పియానిస్ట్ మరియా జువావ్ పిరెష్ సంగతి చాలామందికి తెలిసే ఉంటుంది. ఆమ్‌స్టర్‌డామ్‌లో ఒక మధ్యాహ్నపు కచేరీలో, రికార్డో షాయీ కండక్టర్, ఆమె వేరే మోజార్ట్ కాన్చెర్టోకి సిద్ధపడి వస్తే ఆర్కెస్ట్రా డి మైనర్ కె.466 మొదలుపెట్టింది. ముఖంలో రంగు పోయింది, తల పట్టుకుంది, కానీ తన ఎంట్రీ వచ్చేసరికి మొదలుపెట్టి వాయించింది. మనం పిరెష్ కాలేము. కానీ ఆమెని నిలబెట్టినదాంట్లో ఒక భాగం మనకీ అందుతుంది. ఆ కాన్చెర్టో అంతా, ఆర్కెస్ట్రాతో సహా, ఆమె లోపల ఉంది.

మీ పార్టులో ప్రతి పేజీకి ఒకటి చొప్పున దిగే చోట్లు గుర్తుపెట్టుకోండి. కళ్ళు మూసుకుని ఎక్కడ అడిగినా అక్కడి నుంచి మొదలుపెట్టగలగాలి. తప్పిపోయిన క్షణంలో ఎడమచెయ్యి ఒక్కటైనా, బాస్ స్వరం ఒక్కటైనా పట్టుకుని తర్వాతి దిగే చోటుకి వెళ్ళిపోండి. వెనక్కి మాత్రం ఎప్పుడూ వద్దు.

10. కచేరీ రోజు

ఉదయం నెమ్మదిగా ఒక్కసారి వాయించి ఆపేయండి. చేతులు చల్లబడతాయి కాబట్టి వేదిక పక్కన ఉన్నంతసేపూ గ్లవ్స్ వేసుకోండి. వణుకుడుకి కొందరు బీటా బ్లాకర్లు (గుండె వేగాన్ని తగ్గించే మందులు) వాడతారు, డాక్టర్ని అడగకుండా వద్దు, అడిగాక కూడా మొదటిసారి కచేరీ రోజున వద్దు.

లోపలికి వెళ్ళాక మొదటి వయొలిన్ నాయకుడితో కరచాలనం, ప్రేక్షకులకి నమస్కారం, కూర్చోవడం, శ్రుతి, కండక్టర్ వైపు చూసి తల ఊపడం. తొందరేమీ లేదు, మీరు తల ఊపేదాకా ఆయన మొదలుపెట్టడు. బేతోవెన్ వయొలిన్ కాన్చెర్టో లాంటిదైతే సోలో 89వ బార్‌లో గానీ రాదు, దాదాపు మూడు నిమిషాలు అందరి ముందూ ఊరికే నిలబడాలి. ఆ సమయంలో మీ పార్టు గురించి ఆలోచించకండి. వాళ్ళతో పాటు లోపల పాడండి. నేను రెండోసారి 66 బార్లూ అలాగే పాడాను, దాదాపు 60 దగ్గర చేతులు కీబోర్డు మీదికి తీసుకొచ్చాను, 67 దానంతటదే వచ్చింది.

అయిపోయాక ముందు కండక్టర్‌కి, తర్వాత మొదటి వయొలిన్ నాయకుడికి చెయ్యివ్వండి. మధ్యలో మీతో సోలోగా వాయించిన వుడ్‌విండ్స్ వాళ్ళని లేచి నిలబడమనమని కండక్టర్‌కి సైగ చేస్తే వాళ్ళు సంతోషిస్తారు.

రికార్డింగ్ ఒక వారం దాకా వినకండి. అద్దె పార్టులైతే పెన్సిల్ గుర్తులన్నీ రబ్బరుతో చెరిపి, ఎన్ని వచ్చాయో అన్నీ ఉన్నాయో లేదో లెక్క చూసి, గడువులోపల పంపించేయండి. మీ సొంత పార్టులోని గుర్తులు మాత్రం అలాగే ఉంచుకోండి, రెండోసారికి అవే కావాలి.